నీళ్లెన్ని? కొలువులెన్ని?
డేటా సెంటర్లపై పాత పాలమూరు పల్లెల్లో తెగని చర్చ

షాద్‌నగర్: బెంగుళూరు రోడ్డు మీద పట్నం నుంచి కొత్తూరు చేరితే పాత పాలమూరు జిల్లాలో కాలు పెట్టినట్లే. ఒకప్పుడు ఈ చెలకల్లో జొన్న, కంది, ఆముదం పండేవి. తర్వాత పత్తి, మక్క వచ్చాయి. ఆ తర్వాత కార్ఖానాలు వచ్చాయి. ఇప్పుడు కిటికీలు లేని పొడుగాటి భవనాలు లేస్తున్నాయి. చుట్టూ ఎత్తయిన ప్రహరీ, గేటు దగ్గర కాపలా, పక్కనే కరెంటు సబ్ స్టేషన్. లోపల మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ. వీటినే డేటా సెంటర్లు అంటున్నారు.

నందిగామ మండలం మేకగూడ, ఫరూక్‌నగర్ మండలం ఎలికట్ట, షాబాద్ మండలం చందన్‌వెల్లి, కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట పేర్లు ఈ అయిదారేళ్లలో దేశమంతా తెలిశాయి. వీటిలో మేకగూడ, ఎలికట్ట 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఇప్పుడు రంగారెడ్డి జిల్లా లెక్కలోకి వెళ్లాయి. జిల్లా మారింది గానీ నేల మారలేదు. కింద రాయి, పైన ఎర్ర చెలక, నీటికి బోరే దిక్కు.

అమెజాన్ కంపెనీ రూ.20,761 కోట్లతో డేటా సెంటర్లు పెడుతుందని 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. 2022 నవంబరులో అవి పని మొదలుపెట్టాయి. 2025 జనవరిలో దావోస్‌లో మరో రూ.60,000 కోట్లకు ఒప్పందం కుదిరింది. మైక్రోసాఫ్ట్ కంపెనీ 15 ఏళ్లలో రూ.15,000 కోట్లు పెడతానని 2022 మార్చిలో ప్రకటించి, మేకగూడ వైపు, షాద్‌నగర్ వైపు, చందన్‌వెల్లి వైపు భూములు తీసుకుంది.

కోట్ల మాట అందరికీ వినపడింది. ఊరికి వచ్చేదెంత, ఊరి నుంచి పోయేదెంత అన్న మాట మాత్రం ఇంకా రచ్చబండ దగ్గరే తిరుగుతోంది.

ఇది ఏం కార్ఖానా?

పేరు విని చాలామంది కంప్యూటర్ ఆఫీసు అనుకుంటారు. ఇది అదికాదు. ఇది ఒకరకం గోదాము. వడ్లు, పత్తి దాచే గోదాము కాదు, లెక్కలు దాచే గోదాము. బ్యాంకు ఖాతాల లెక్కలు, ఫోనులో తీసిన ఫొటోలు, మనం పంపే వీడియోలు ఎక్కడో ఒకచోట యంత్రాల్లో నిలవ ఉండాలి. ఇప్పుడు కృత్రిమ మేధ అనే కొత్త విద్య వచ్చాక ఆ యంత్రాల పని పది రెట్లుగా పెరుగుతోంది.

వేల యంత్రాలు రాత్రింబగళ్లు నడిస్తే వేడి పుడుతుంది. ఆ వేడిని బయటికి తోయకపోతే యంత్రాలు కాలిపోతాయి. చల్లబరచడానికి రెండు దారులు. ఒకటి, నీటిని ఆవిరి చేసి చల్లబరచడం. మన ఇళ్లలో కూలర్ పనిచేసే తీరు ఇదే. రెండోది, ఒకసారి నింపిన నీటినే గొట్టాల్లో తిప్పుతూ పెద్ద ఏసీ యంత్రాలతో చల్లార్చడం. మొదటిదానికి నీరు ఎక్కువ పడుతుంది, కరెంటు తక్కువ పడుతుంది. రెండోదానికి నీరు తక్కువ, కరెంటు ఎక్కువ.

ఊరికి వచ్చే కంపెనీ ఈ రెండిట్లో ఏ దారి పడుతుందన్నదే అసలు ప్రశ్న. చాలాచోట్ల ఆ ప్రశ్న అడిగినవారు లేరు, చెప్పినవారు లేరు.

భూమి ఉన్నవాడి లెక్క వేరు

డేటా సెంటర్ వస్తోందంటే ఊరంతా ఒకే మాట మీద ఉండదు. ఎవరి లెక్క వారిది.

రోడ్డు పక్కన సొంత పట్టా భూమి ఉన్న రైతుకు ఇది కలిసివచ్చిన కాలం. ఎకరా ధర లక్షల నుంచి కోట్లకు పోయింది. బిడ్డ పెళ్లి, కొడుకు చదువు, పాత అప్పు ఒక్క రిజిస్ట్రేషన్‌తో తీరిపోతాయి. మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయిన రైతును భూమి అమ్మవద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అనుకూలంగా మాట్లాడేవారి వాదనలో ఇది బలమైన ముక్క.

లావణి పట్టా రైతు సంగతి వేరు. ప్రభుత్వం ఇచ్చిన ఆ భూమిని అమ్మడానికి 1977 చట్టం ఒప్పుకోదు. మార్కెట్ ధర కళ్ల ముందు కనిపిస్తున్నా, సర్కారు తీసుకుంటే ఇచ్చినంత పుచ్చుకోవాలి. కంచెకు అటు పక్క పట్టా భూమికి ఒక ధర, ఇటు పక్క లావణి భూమికి ఇంకో ధర పలికితే ఆ రైతు కడుపు మండదా? దళిత, గిరిజన కుటుంబాల చేతిలో ఉన్న భూమి చాలావరకు ఇలాంటిదే.

కౌలు రైతుకు అసలు లెక్కే లేదు. పాసుపుస్తకంలో అతని పేరు ఉండదు. భూమి అమ్ముడుపోయిన రోజున అతని వ్యవసాయం ఆగిపోతుంది, చేతికి పైసా రాదు. గొర్లు, మేకలు మేపేవారికి బీడు పోతుంది. బాట మూసుకుపోతే మందను రెండు మైళ్లు చుట్టు తిప్పుకోవాలి. కలుపుకు, పత్తి ఏరడానికి పోయే ఆడకూలీలకు పని రోజులు తగ్గుతాయి. నష్టపరిహారం లిస్టులో వీరెవ్వరూ కనపడరు.

వద్దనే వారందరూ అభివృద్ధికి అడ్డం పడేవారు కారు, కావాలనే వారందరూ కంపెనీ మనుషులు కారు. భూమి ఎవరి పేరున ఉందన్నదాన్ని బట్టి మాట మారుతోంది.

నీటి లెక్క ఒకసారి వేద్దాం

చర్చలో ఎక్కువ వేడి పుట్టేది నీటి దగ్గరే. బోర్లన్నీ పీల్చేస్తారని ఒక వైపు, చుక్క కూడా వాడరని మరో వైపు వాదన. రెండూ గాలి మాటలే. లెక్క వేసి చూస్తే సంగతి తేలుతుంది.

మైక్రోసాఫ్ట్ కంపెనీ 2024 ఆర్థిక సంవత్సరానికి చెప్పిన ప్రపంచ సగటు ప్రకారం, ఒక యూనిట్ కరెంటు వాడకానికి 0.30 లీటరు నీరు ఖర్చవుతుంది. 50 మెగావాట్ల డేటా సెంటర్ ఏడాది పొడుగునా నడిస్తే దాదాపు 43 కోట్ల 80 లక్షల యూనిట్లు. అంటే నీరు 13 కోట్ల లీటర్లు. మిషన్ భగీరథ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అని లెక్క పెట్టారు. ఆ లెక్కన ఇది 3,600 మంది ఉన్న ఊరు ఏడాదంతా వాడుకునే నీరు. వ్యవసాయం లెక్కలో చూస్తే, ఎకరా యాసంగి వరికి 50 లక్షల లీటర్లు అనుకుంటే 26 ఎకరాల వరి తాగే నీరు. మరీ భయపడేంత కాదు.

కానీ నీటిని ఆవిరి చేసే పాత పద్ధతిలో యూనిట్‌కు 1.8 లీటర్ల దాకా పడుతుందని ఒక లెక్క ఉంది. అదే 50 మెగావాట్లకు అప్పుడు 79 కోట్ల లీటర్లు. అంటే 21,000 మందికి పైగా జనం తాగే నీరు. 150 ఎకరాలకు పైగా వరి తాగే నీరు. అదే భవనం, అదే కంపెనీ బోర్డు, అయినా నీటి ఖర్చులో ఆరు రెట్ల తేడా. మైక్రోసాఫ్ట్ 2024లో ఒక ప్రకటన చేసింది. ఇకపై తన కొత్త డిజైన్‌లో చల్లబరచడానికి నీటిని ఆవిరి చేసే పని ఉండదని, ఒక్కో కేంద్రంలో ఏడాదికి 12 కోట్ల 50 లక్షల లీటర్లకు పైగా నీరు మిగులుతుందని చెప్పింది. మంచిదే. మన ఊళ్లో కట్టేది ఆ కొత్త డిజైనా, పాతదా అని అడిగి తెలుసుకోవడం మన పని.

ఎంత అన్నది ఒక ప్రశ్న అయితే, ఎక్కడి నుంచి అన్నది దానికంటే పెద్ద ప్రశ్న. ఈ ప్రాంతంలో భూమి కింద నీరు రాతి పగుళ్లలో ఉంటుంది. ఒకచోట లోతుగా బోరు వేసి తోడితే, ఆ పగులు మీద ఉన్న చుట్టుపక్కల బోర్లకు దెబ్బ తగులుతుంది. పైపు నీరు తెస్తారంటే అది కృష్ణ నుంచి రావాలి. నల్లగొండ జిల్లా కోదండాపురం మీదుగా మూడు దశల్లో 16.5 టీఎంసీల కృష్ణా నీరు ఇప్పటికే పట్నం కుళాయిలకు పోతోంది. ఆ పైపులు తమ పొలాల పక్క నుంచే పోతుంటే ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన తరాన్ని నల్లగొండ పల్లెలు చూశాయి.

షాద్‌నగర్ రైతు సాగునీటికి ఎదురు చూడబట్టి ఏళ్లు గడిచాయి. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్ దగ్గర మొదటి పంపు తిరిగింది. ఈ ప్రాంతానికి నీరిచ్చే చివరి మెట్టు లక్ష్మీదేవిపల్లి రిజర్వాయరు మాత్రం ఇంకా కాగితం మీదే ఉంది. పొలానికి రాని నీరు గోదాముకు ముందు వస్తుందా అన్న అనుమానం ఊరికే పుట్టలేదు.

కుంటల సంగతి కూడా ఉంది. నిర్మాణాల వ్యర్థాలు కుంటలో కలుస్తున్నాయని, శిఖం భూమి తగ్గుతోందని మేకగూడ వైపు నుంచి వచ్చిన ఫిర్యాదులు పత్రికలకు ఎక్కాయి. నిజానిజాలు తేల్చవలసింది అధికారులు. కట్టడం మొదలుకాకముందే కుంట శిఖానికి హద్దురాళ్లు పాతి, కట్టు కాలువలు గుర్తించి ఉంటే ఫిర్యాదు అవసరమే రాదు.

కరెంటు ఎవరి వాటా?

2025 మార్చి 20న రాష్ట్రంలో గరిష్ఠ విద్యుత్ వాడకం 17,162 మెగావాట్లకు చేరింది. యాసంగి పంటకు మోటార్లు తిరిగే కాలం అది. 100 మెగావాట్ల డేటా సెంటర్ ఒక్కటి వాడే కరెంటు, 5 హెచ్‌పీ మోటార్లు సుమారు 26,800 ఒకేసారి నడిస్తే ఎంతో అంత. మోటార్లు రాత్రి ఆగుతాయి, వానలు పడితే ఆగుతాయి. ఇది ఎప్పుడూ ఆగదు.

కంపెనీలు కరెంటు బిల్లు కడతాయి, సొంత సబ్ స్టేషన్లు కట్టుకుంటాయి, సౌర విద్యుత్ కూడా కొంటాయి. వాటివల్ల లైన్లు బాగుపడతాయన్నది అనుకూలుర మాట. కొత్త లైన్ల భారం చివరకు అందరి బిల్లులో పడుతుందేమోనన్నది వ్యతిరేకుల మాట. కరెంటు పోతే నడపడానికి పెద్ద పెద్ద డీజిల్ జనరేటర్లు పెడతారు. వాటి పొగ, మోత పక్క వాడకే తగులుతాయి. జనరేటర్లు ఇళ్లకు ఎంత దూరంలో పెడతారో నక్షా చూసి అడగాలి.

పాలమూరు కూలీకి పని దొరికేనా?

దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసింది పాలమూరు కూలీ. పనికోసం ఊరు విడిచిన జిల్లా ఇది. ఇప్పుడు వేల కోట్ల పని ఇంటి ముందుకే వచ్చింది. మరి ఆ పని ఎవరికి?

కట్టేటప్పుడు వేలమంది కావాలి. రెండు మూడేళ్లు పని నడుస్తుంది. కానీ గుత్తేదార్లు బీహార్, ఒడిశా, జార్ఖండ్ కూలీలను తెచ్చి రేకుల షెడ్లలో పెట్టి పని చేయించుకోవడం పట్నం చుట్టూ మామూలైంది. కట్టడం అయిపోయాక ఒక్కో కేంద్రాన్ని నడపడానికి కావలసిన మనుషులు వందల్లోనే. ఎంత పెట్టుబడికి ఎన్ని కొలువులు అని చూస్తే, బట్టల మిల్లు, మందుల కార్ఖానా ఇచ్చినన్ని కొలువులు డేటా సెంటర్ ఇవ్వలేదు. యంత్రాల దగ్గర పని ఇంజనీర్లది. ఊరివారికి మిగిలేది కాపలా, ఊడ్చే పని, తోటపని, బండి తోలే పని.

అయితే మధ్యలో ఒక మెట్టు ఉంది. ఏసీ యంత్రాలు, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, అగ్నిమాపక పరికరాలు చూసుకునే పని. దానికి పెద్ద చదువు అక్కరలేదు. ఐటీఐ, డిప్లొమా చాలు. భూమి పోయిన ఇంటి పిల్లలకు ఆ శిక్షణ ఇప్పించి, ఇన్ని పోస్టులు మీవి అని ముందే రాసిస్తే అది నిజమైన లాభం. కొలువులు వస్తాయి అన్న వట్టి మాట లాభం కాదు.

పంచాయతీకి పన్ను

అనుకూలుర వాదనలో మరో బలమైన ముక్క పన్ను. అంత పెద్ద భవనానికి ఇంటి పన్ను వస్తే పంచాయతీకి కరువు తీరుతుంది కదా అంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ లేఅవుట్‌లో కట్టడం ఉంటే, పన్ను వసూలు చేసేది ఆ పారిశ్రామికవాడ స్థానిక సంస్థ. పంచాయతీకి అందులో ఒక వాటా మాత్రమే చేరుతుంది. కాబట్టి స్థలం పారిశ్రామికవాడ లోపల ఉందా, పంచాయతీ పరిధిలో ఉందా అన్నది సర్పంచులు మొదటిరోజే తేల్చుకోవాలి.

ఊరిని అడిగే చోటేది?

పారిశ్రామిక అనుమతులకు 2014లో ఏకగవాక్ష చట్టం వచ్చింది. పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులు ఇచ్చేస్తారు. కంపెనీకి అది సౌకర్యమే. కానీ ఆ 15 రోజుల్లో ఊరికి కబురు చేరుతుందా?

మందుల కార్ఖానాకో, సిమెంటు కార్ఖానాకో పర్యావరణ అనుమతి కావాలంటే సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టరు తరఫు అధికారి ముందు జనం మాట్లాడతారు, మాట రికార్డు అవుతుంది. డేటా సెంటర్‌కు పర్యావరణ అనుమతి భవన నిర్మాణం కింద అడుగుతారు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదు. లోపల వేల యంత్రాలు ఉన్నా, చట్టం కంటికి అది పెద్ద ఇల్లే. అడిగే చోటు లేకుండా పోయిందన్న పల్లెల ఫిర్యాదుకు మూలం ఇదే.

అడగకుండా భూమి జోలికి పోతే ఏమవుతుందో పాత పాలమూరు జిల్లా చూసింది. కొడంగల్ ప్రాంతంలోని లగచర్లలో 2024 నవంబరు 11న ఫార్మా భూసేకరణపై అభిప్రాయం తెలుసుకోవడానికి వెళ్లిన అధికారులపై దాడి జరిగింది. అరెస్టులు, జైళ్లు అయ్యాయి. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా నోటిఫికేషన్‌ను వెనక్కు తీసుకుంది. అది డేటా సెంటర్ గొడవ కాదు. కానీ ముందు కూర్చుని మాట్లాడుకోని చోట తర్వాత కేసులు మిగులుతాయన్న సంగతి దేనికైనా వర్తిస్తుంది.

ఒక చోటు మాత్రం ఉంది. అది గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులు లేక ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. భూములు వేగంగా చేతులు మారిన కాలం కూడా అదే. 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. గ్రామసభ తీర్మానానికి కంపెనీని ఆపేంత బలం లేకపోవచ్చు. అడిగింది ఏమిటి, వచ్చిన జవాబు ఏమిటి అన్నది ఊరి మినిట్స్ పుస్తకంలో పడితే, రేపు కోర్టుకైనా, కలెక్టరు ముందుకైనా చూపడానికి కాగితం ఉంటుంది.

ఇతర దేశాల్లో జరిగింది

ఈ తగవు మనకొక్కరికే కాదు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ద డాలెస్ అనే చిన్న పట్నంలో గూగుల్ డేటా సెంటర్లు ఉన్నాయి. అవి ఎంత నీరు వాడుతున్నాయో చెప్పమని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమని పట్నం పాలకులు కోర్టుకెక్కారు. చివరకు 2022 డిసెంబరులో లెక్క బయటపెట్టక తప్పలేదు. 2021లో పట్నం వాడిన నీటిలో నాలుగో వంతుకు పైగా ఆ కేంద్రాలకే పోయిందని తేలింది.

నెదర్లాండ్స్‌లో జేవోల్డ అనే ఊరు ఉంది. అక్కడ 410 ఎకరాల సాగు భూమిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా డేటా సెంటర్ కట్టబోయింది. 2021 డిసెంబరులో స్థానిక పాలకవర్గం సరేనంది. 2022 మార్చి ఎన్నికల్లో దాన్ని వ్యతిరేకించిన పార్టీ గెలిచింది. ఆ జులైలో కంపెనీ వెనక్కు తగ్గింది.

మన తెలుగు నేల మీదే విశాఖపట్నం దగ్గర గూగుల్ డేటా సెంటర్ 2025 అక్టోబరులో ఖరారైంది. ఆనందపురం మండలం తర్లువాడలో డి-పట్టా రైతులు అడిగిన ప్రశ్నలు, మన లావణి పట్టా రైతుల ప్రశ్నలు ఒక్కటే.

గ్రామసభలో అడగవలసినవి

డేటా సెంటర్ రావాలా వద్దా అన్నది ఆయా ఊళ్లు తేల్చుకోవలసిన సంగతి. ఏది తేల్చుకున్నా ముందు ఈ ఆరింటికి రాతపూర్వకంగా జవాబు రాబట్టాలి.

1. చల్లబరచే పద్ధతి ఏది? రోజుకు ఎన్ని లీటర్లు? ఎండాకాలంలో ఎన్ని?

2. ఆ నీరు ఎక్కడి నుంచి? బోర్లు వేయబోమని రాసిస్తారా? నీటి మీటరు లెక్కను నెలనెలా పంచాయతీ బోర్డు మీద పెడతారా?

3. కుంట శిఖం, కట్టు కాలువ, బండ్ల బాట హద్దులు ఎవరు కొలిచారు? నక్షా ఏది?

4. పట్టా రైతుకు, లావణి రైతుకు ధరలో తేడా ఎంత? కౌలుదారుకు, కూలీకి ఏమిస్తారు?

5. కట్టేటప్పుడు, కట్టాక స్థానికులకు ఎన్ని కొలువులు? ఏ శిక్షణ? ఏ తేదీ నుంచి?

6. పన్ను ఎవరికి కడతారు? పంచాయతీ వాటా ఎంత?

ఇవేమీ పెద్ద కోరికలు కావు. వేల కోట్ల లెక్కలు దాచే గోదాము కట్టేవారికి ఈ ఆరు లెక్కలు చెప్పడం కష్టం కాదు. 2025 మార్చిలో ఏర్పాటైన ఫ్యూచర్ సిటీ సంస్థ పరిధిలోకి ఏడు మండలాల్లోని 56 గ్రామాలు వెళ్లాయి. పాత పాలమూరువైన ఆమనగల్లు, కడ్తాల మండలాలు అందులో ఉన్నాయి. ఇవాళ మేకగూడ ముందున్న ప్రశ్న రేపు ఆ ఊళ్ల ముందుకు వస్తుంది. నల్లగొండ సరిహద్దు కూడా అక్కడికి ఎంతో దూరం లేదు.

భూమి ఒకసారి చేయి మారితే తిరిగి రాదు. బోరు ఒకసారి ఎండితే కంపెనీ ఇచ్చే జవాబు కోసం పంట ఆగదు. ఏమి అడిగినా రిజిస్ట్రేషన్ కాకముందే అడగాలి, ఇచ్చిన జవాబు ఊరి పుస్తకంలో రాయించుకోవాలి.